ఇంట్లో ఒకరే ఊట్

పాప పుట్టి నెల కావస్తోంది, నేనింకా దానితో ఒక్క నిండు మాట మాట్లాడలేదు.

నాకు నోరు లేక కాదు. నా నోటి సంగతి మా కాలవ పొడుగునా తెలుసు. పూలకుండీల బేరానికొచ్చే దళారులు నన్ను చూస్తే పడవను అవతలి గట్టుకు తిప్పుకుంటారు. కానీ పాపను ఎత్తుకోగానే ఆ నోరు మూతపడిపోతుంది. మా భాషలో పిల్లలతో మాట్లాడేటప్పుడు ‘నేను’ అనే మాట పనికిరాదు. అమ్మయితే ‘అమ్మ పాలు తెస్తోంది, ఉండు’ అనాలి. నాన్నయితే ‘నాన్న వచ్చేశాడు’ అనాలి. ఎవరికి ఏ వరసో ఆ వరసే ‘నేను’. వరస తేలని మనిషికి ‘నేను’ కూడా ఉండదు. నేను ఆడమనిషిని కాను, మగమనిషినీ కాను. ఇది నాకు చిన్నతనంలోనే తెలిసింది. ఊరికి చాలా ఆలస్యంగా తెలిసింది. కొన్నాళ్ళు నవ్వారు, కొన్నాళ్ళు గొణిగారు, తర్వాత ఎవరి కుండీలకు వాళ్ళు నీళ్ళు పోసుకోవడంలో పడిపోయారు. అన్నీ సర్దుకున్నాయనుకున్నాక, ఇదిగో, ఇక్కడొచ్చి ఇరుక్కున్నాను.

అందుకని ఇన్నాళ్ళూ ‘నేను’ లేని మాటలతో నెట్టుకొచ్చాను. ‘ఆకలా?’, ‘నిద్రొస్తోందా?’, ‘అబ్బో, ఎంత కోపమో’. అన్నీ పాప గురించే. ఎత్తుకున్న మనిషి ఊసు ఒక్కదానిలోనూ లేదు. లాయ్ ఇదంతా చూస్తూనే ఉంది. లాయ్ నాతో కాపురముంటున్న మనిషి, పాపను కన్నతల్లి. సైగాన్‌లో డాక్టర్ల చలవతో కన్నాం. తండ్రి అనే మనిషి పాపకు ఎక్కడా లేడు. బిడ్డ కావాలనుకున్నది ఇద్దరం, ఆసుపత్రి బెంచీల మీద కూర్చున్నది ఇద్దరం. ఇంట్లో పిలుచుకునే పేరు కూడా కలిసే పెట్టాం, తేప్ అని. తేప్ అంటే చిట్టి రొయ్య. ముద్దొచ్చే పేరు పెడితే దయ్యాల కన్ను పడుతుందని మావాళ్ళు ఇలాంటివే పెడతారు. పాప పేరు ఒక్క పూటలో తేలిపోయింది. నా పేరే తేలలేదు.

లాయ్ చాలా మాటలు వెతికింది. సైగాన్‌లో మాలాంటి స్నేహితులు ఫోనులో సలహాలు రాశారు. అమ్మలో సగం, నాన్నలో సగం తీసుకుని కొత్త మాట ఒకటి కుట్టుకోమన్నారు. నేనేమన్నా అతుకుల బొంతనా అని ఫోను మంచం మీద పడేశాను. ఉత్తరాది వాళ్ళకు పెద్దమ్మకీ పెదనాన్నకీ కలిపి ఒకే మాట ఉంది, అది వాడుకుందామంది లాయ్. నా బిడ్డకు నేను పెద్దమ్మ వరసేమిటి అన్నాను. పోనీ పేరు పెట్టి పిలిపిద్దామంటే, పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిచిన పిల్లకు మా దగ్గర వీపు విమానం మోత మోగుతుంది. చివరికి లాయ్‌కి విసుగొచ్చి, నీకు నచ్చే మాట ఇంకా పుట్టలేదు, పుట్టాక చెప్పు అంది.

ఆ మాట మా పక్కింటి నామ్ అక్క నోట్లో ఉంది. ఒకరోజు పాపకు స్నానం చేయించి తుడిచి, నా చేతుల్లో పెడుతూ, “పో, ఊట్ దగ్గరకు పో” అంది. అంతే. ఆవిడ తన దారిన తను తువ్వాలు పిండుకుంటూ వెళ్ళిపోయింది, నేను అక్కడే నిలబడిపోయాను.

మా దక్షిణాన పిల్లల్ని పుట్టిన వరస అంకెతో పిలుస్తారు. అందరికన్నా చివర పుట్టినవారిని మాత్రం ఊట్ అంటారు. మా అమ్మకు నేను చివరి కాన్పు, అందుకని ఊట్‌ని. పెద్దయ్యాక వీధిలో పిల్లలు ఊట్ అత్త అనాలో ఊట్ బాబాయ్ అనాలో తేల్చుకోలేక, తోకలు పీకేసి ఉత్త ఊట్ అని ఊరుకున్నారు. నాకది హాయిగా ఉండేది. పుట్టినప్పటి నుంచీ ఒంటి మీదే ఉండటంతో అదొక మాట అని కూడా మర్చిపోయాను.

ఆ సాయంత్రం లాయ్‌కి చెప్పాను. ముందు నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. అంతలోనే, “ఊట్ అంటే నువ్వు పాపకు అత్తో పిన్నో అనుకుంటారేమో” అంది. అనుకోనీ అన్నాను. అన్నానే గానీ గుచ్చుకుంది. నెల నిండిన రోజున, పన్నెండుమంది మంత్రసానమ్మలకు మొక్కు తీర్చాక, ఆ మాటతో పాపను మొదటిసారి పలకరిస్తానని లాయ్‌కి చెప్పాను. బిడ్డను కడుపులో మలిచి బయటకు పంపే దేవతలు ఆ తల్లులే. నెల నిండినప్పుడు వాళ్ళ ముందు బిడ్డ ఫలానా వారి బిడ్డ అని పెద్దవాళ్ళెవరో ఒకరు చెప్పాలి. ఆ రోజు చెప్పిన వరసే వరస. తర్వాత దాన్ని మార్చడానికి మా కాలవ మీద ఎవరికీ గుండె చాలదు.

నెల పండగ ముందు రోజు పొద్దున్నే లాయ్ తండ్రి తామ్ దిగాడు. తన ఊరు లాప్ వో నుంచి సొంత మోటారు పడవలో, కాళ్ళు కట్టేసిన బాతులతో, బంక బియ్యం మూటతో వచ్చాడు. లాయ్ నా దగ్గరకొచ్చేసినప్పటి నుంచీ ఆ మనిషి మా గడప తొక్కలేదు. పోట్లాడలేదు, తిట్టలేదు, రాలేదంతే. పాప పుట్టిందని కబురు పంపినా రాలేదు.

“బాబాయ్ వచ్చాడు” అని లాయ్ రేవులోకి పరుగెత్తింది.

లాయ్ తన తండ్రిని బాబాయ్ అనే పిలుస్తుంది. తను పుట్టినప్పుడు జాతకం చూసినాయన తండ్రికీ కూతురికీ పడదని, ఈ పిల్ల నాన్నా అని పిలిస్తే అతని ప్రాణానికి ముప్పని చెప్పాడట. ఇది మా వైపు వింతేమీ కాదు. ప్రతి ఊళ్ళోనూ అలాంటి పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు, కన్నతల్లిని పిన్నీ అంటూ, కన్నతండ్రిని అన్నయ్యా అంటూ. పిలుపు మారిస్తే దయ్యాలు మోసపోతాయని నమ్మకం. తామ్‌కి లాయ్ ఒక్కతే సంతానం. ఆ ఒక్క పిల్లా బాబాయ్ అనే పిలిచింది. భార్య ఎప్పుడో పోయింది.

తామ్ కాళ్ళు కడుక్కుని వచ్చి పాపను ఎత్తుకున్నాడు. పట్టు తెలిసిన చేతులే. “ఊట్ తల్లీ, ఊట్ బంగారూ” అన్నాడు. నన్ను పిలిచాడనుకుని ఆఁ అన్నాను. అతను తలెత్తలేదు. పాపనే ఆ మాటతో పిలుస్తున్నాడని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

టీ తాగుతూ విషయం చెప్పాడు. చాలా మర్యాదగా, ఎప్పటి నుంచో అనుకుని పెట్టుకున్నట్టు చెప్పాడు. తండ్రి లేని బిడ్డ అనిపించుకోవడం పాపకు మంచిది కాదు. అందుకని పాపను తన బిడ్డగా రాయిస్తాడు. రేపు మంత్రసానమ్మల ముందు కూడా అలాగే చెబుతాడు. అప్పుడు తన ఇంట్లో పెద్ద బిడ్డ లాయ్, చివరి బిడ్డ పాప. కాబట్టి పాపే ఊట్. లాయ్ దానికి అక్క అవుతుంది. మొక్కు తీరగానే ముగ్గురూ పడవెక్కి లాప్ వో వెళ్ళిపోతారు. ఇక నా సంగతి. “నువ్వు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు రావచ్చు, నేను కాదనను” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా వచ్చినవి చాలా ఉన్నాయి. లాయ్ అంటుందిలే, కన్నతల్లి తనే కదా అని దాని వైపు చూశాను. లాయ్ చాప అంచు పీకుతూ కూర్చుంది. కుదరదని అనలేదు.

ఆ తర్వాత పెరట్లో పాప బట్టలు ఆరేస్తుంటే అడిగాను. లాయ్ నా వైపు తిరక్కుండానే చెప్పింది. “బళ్ళో నన్ను ఏమనేవాళ్ళో నీకు తెలీదు. మీ నాన్న ఎక్కడే, ఆ బాబాయ్‌కీ మీ అమ్మకీ ఏంటే అని. ఇంటికొచ్చి అన్నం ముట్టేదాన్ని కాదు. అది నిన్ను ఊట్ అని పిలిస్తే వీధిలో అందరూ అదే అడుగుతారు, నీకు అమ్మ ఉంది, మరి ఈ ఊట్ ఎవరే అని.”

“అక్కా అని పిలిపించుకుంటావా?”

లాయ్ తడి బట్ట ఒకటి దులిపి తీగ మీద వేసింది.

నాకు భయం వేసింది. అంతకుముందు ఎన్నడూ అంత భయపడలేదు. నా దగ్గర ఏముంది? పాపను నేను కనలేదు. లాయ్‌కీ నాకూ పెళ్ళి అని ఏ ఆఫీసూ ఒప్పుకోదు. లాయ్ సరే అంటే చాలు, పాప పడవెక్కుతుంది, రేవులో చెయ్యి ఊపడం తప్ప నేను చెయ్యగలిగింది లేదు. నాకంటూ ఉన్నది ఒక్క మాట. దాన్ని కూడా ఆ పెద్దమనిషి పాపకు తగిలించేశాడు. ఒక ఇంట్లో ఇద్దరు ఊట్‌లు ఉండరు. పాప ఊట్ అయిందంటే నేను కాను.

ఎండ దిగాక కుండీలకు నీళ్ళు పొయ్యాలి. మా పూలన్నీ నీళ్ళ మీద కట్టిన బల్లల మీద ఉంటాయి, వాటి మధ్య చిన్న పడవలో తిరుగుతూ తడపాలి. నేను పడవ విప్పుతుంటే తామ్ వచ్చి, ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయి, తెడ్డు నేను వేస్తానన్నాడు. వద్దనడానికి మనసొప్పలేదు. ఇతని బండారమేదో ఇక్కడే తేల్చుకుందామని కూడా అనిపించింది.

చామంతుల వరస సగం తడిపాం. తెడ్డు బాగా వేస్తున్నాడు, ఒక్క కుండీకీ తగలనీయడం లేదు. అది చూస్తే ఇంకా కోపం వచ్చింది.

“పాప నిన్ను ఊట్ అని పిలవాలని అనుకున్నారట, నామ్ చెప్పింది” అన్నాడు.

“అవును.”

“నీ మీద నాకు కోపం లేదు. మొదట్లో ఉండేది. ఇప్పుడు లేదు. నువ్వు ఆడో మగో రెండూ కాదో అది నీ సొంత గొడవ. నేను చెప్పేది వేరే. అమ్మా అనిపించుకుంటావా, అనిపించుకో. నాన్నా అనిపించుకుంటావా, అదీ సరే, నేనే నలుగురికీ చెప్పి ఒప్పిస్తాను. ఇలా పక్క వరసలో మాత్రం పిలిపించుకోకు. అదెలా ఉంటుందో నీకు తెలీదు.”

నాకు తెలీకపోవడమేమిటి అని గయ్యిమన్నాను. అతను పట్టించుకోలేదు. తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు, పడవ దానంతటదే జరుగుతోంది. చాలా ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెబుతున్నట్టు, ఆగి ఆగి చెప్పాడు. బడి వదిలే వేళకు రేవులో తండ్రులందరూ పడవల్లో కాచుకుని ఉండేవాళ్ళట. పిల్లలు నాన్నా నాన్నా అని ఎగబడేవాళ్ళు. తన పిల్ల బాబాయ్ అని పిలిస్తే, పక్క పడవలో మనిషి, పాపం ఆ పిల్ల తండ్రికి తీరిక లేదేమో అనేవాడట. అవునవును అని తనే తలూపేవాడట.

“ఒక్కసారి జ్వరంలో పలవరిస్తూ నాన్నా అనబోయింది. నేనెక్కడ చస్తానో అని వాళ్ళమ్మ గబుక్కున నోరు మూసింది. సగమే విన్నాను” అన్నాడు.

నా చేతిలో నీళ్ళ డబ్బా ఆగిపోయింది. అప్పటికి నాకు సంగతి అర్థమైంది. “అందుకా పాపను రాయించుకుంటున్నారు?”

నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు. “జాతకం చూపించాను. నాకూ పాపకూ కుదిరింది. నాన్నా అని పిలవొచ్చన్నారు.”

జాలి వేసింది. జాలిపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. బిడ్డను తీసుకుపోవడానికి వచ్చిన మనిషి మీద జాలేమిటి? కానీ ఆ కూర్చున్న తీరు చూస్తే తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. వీలైనంత నెమ్మదిగా చెప్పాను.

“పెద్దాయనా, మీకు రావలసిన మాటను మీ దగ్గర్నుంచి లాక్కున్నారు. నాకు ఇస్తామన్న మాటను నేనే వద్దన్నాను. రెండూ ఒకటి కాదు. పాప నన్ను అమ్మా అంటే నేను పలకలేను. నాన్నా అన్నా పలకలేను. పిలిస్తే పలకని మనిషి పిల్లకు దేనికి?”

“ఊట్ అంటే పలుకుతావా?”

“పుట్టినప్పటి నుంచీ పలుకుతున్నాను.”

అతను తెడ్డు తీసుకున్నాడు. మిగతా వరసలన్నీ తడిపి ఒడ్డుకొచ్చాం. దిగేటప్పుడు, “నువ్వు చెప్పింది విన్నాను. రేపు నేను చెప్పాలనుకున్నదే చెబుతాను” అన్నాడు.

మర్నాడు పొద్దున నామ్ అక్క వచ్చి మా వంటింటిని ఆక్రమించేసింది. పన్నెండుమంది తల్లులకు పన్నెండు చిన్న గిన్నెల్లో పెసరపప్పు పాయసం, వాళ్ళ పెద్దకు ఒక పెద్ద గిన్నె, బంక బియ్యం అన్నం, ఉడికించిన బాతు. ఆవిడ ఒక పక్క గరిటె తిప్పుతూ ఇంకో పక్క నన్ను ఆటపట్టిస్తూనే ఉంది. నీ మొహం అలా పెట్టుకుంటే తల్లులు పాయసం ముట్టరు, కాస్త పక్కకు పో అంది. మామూలుగా అయితే నా నోరు రెండు తగిలించకుండా ఊరుకునేది కాదు, కానీ ఆ రోజు నా కళ్ళు లోపలి గది మీదే ఉన్నాయి. గుమ్మం పక్కన గుడ్డ సంచీ కనపడింది. పాప బట్టలన్నీ మడిచి అందులో సర్దేసి ఉన్నాయి. సర్దింది లాయే. మడత చూస్తే తెలుస్తుంది.

అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

ఇరుగుపొరుగు చేరారు. తామ్ తెల్ల చొక్కా తొడుక్కుని నైవేద్యాల బల్ల ముందు నిలబడ్డాడు. పాపను ఎత్తుకుని లాయ్ అతని ఎదురుగా నిలబడింది. నేను వెనక, నామ్ అక్క పక్కన. నన్ను ముందుకు రమ్మని ఎవరూ అనలేదు, నేనూ వెళ్ళలేదు. తామ్ అగరొత్తులు వెలిగించి గుచ్చాడు. నీళ్ళలో ముంచిన పూలకొమ్మ తీసుకుని పాప నోటి మీద ఆడించడం మొదలుపెట్టాడు. నోరు విప్పితే పూలు పూయాలని, పలికితే పదిమందీ మెచ్చాలని ముందు దీవించాడు. గొంతు బాగుంది, తడబడటం లేదు. తర్వాత వరస చెప్పే చోటికి వచ్చాడు.

“తల్లులారా, నెల నిండిన ఈ బిడ్డ తామ్ ఇంటి బిడ్డ. నా చివరి బిడ్డ. ఊట్...”

కొమ్మ నుంచి చల్లని నీళ్ళు కారి పాప కంట్లో పడ్డాయి. పాప కెవ్వుమంది. మామూలు ఏడుపు కాదు, ఊపిరి పట్టేసే ఏడుపు. లాయ్ చేతులు కొయ్యబారిపోయాయి, ఊపాలని కూడా తోచలేదు దానికి.

“ఊట్ ఇక్కడే, తేప్. ఊట్ ఇక్కడే ఉంటే ఏడుస్తారా?”

అన్నది నేనే. ఆలోచించి అన్నది కాదు. నెలంతా నోట్లో దాచుకున్నది ఏడుపు వినగానే దానంతటదే దూకేసింది. పాప ఊరుకుందేమో అనుకునేరు. ఇంకా గట్టిగా ఏడుపందుకుంది.

ఇంట్లో మిగతావాళ్ళంతా మాత్రం గప్‌చిప్ అయిపోయారు. తామ్ చేతిలో కొమ్మ గాల్లో ఆగింది. తల్లుల ముందు ఊట్ అని అతను ఒకరిని చూపించాడు, ఆ మాట పూర్తయ్యే లోపల ఊట్ అని ఇంకొకరు పలికారు. “ఇప్పుడా తల్లులకు ఏ ఊట్ అని తెలిసి చస్తుంది” అని నామ్ అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగింది. అందులో హాస్యం కొంచెమే, బెదురు ఎక్కువ. మొక్కు మధ్యలో పేరు తారుమారైతే బిడ్డకు మంచిది కాదని అక్కడున్న అందరికీ తెలుసు. నాకూ తెలుసు. చెంపలు వేసుకుని వెనక్కి తగ్గాలా, ముందుకు పోయి పాపను లాక్కోవాలా తెలియక అలాగే నిలబడ్డాను.

తామ్ నన్ను చూడలేదు, తిట్టలేదు. లాయ్ వైపు తిరిగాడు. “నువ్వే చెప్పమ్మా. ఇంట్లో ఊట్ ఒకరే ఉండాలి. ఎవరు?”

నేను లాయ్ మొహం చూడలేకపోయాను. గుమ్మం పక్కనున్న సంచీనే చూస్తూ నిలబడ్డాను. పాప ఏడుపు ఒక్కటే వినపడుతోంది. ఆ ఏడుపు దగ్గరకు వస్తోందని కాసేపటికి గానీ తెలియలేదు. లాయ్ జనాన్ని తప్పించుకుని వచ్చి, పాపను నా చేతుల్లో పెట్టింది. పెట్టి, అక్కడి నుంచే తండ్రితో చెప్పింది.

“అగరొత్తులు కొత్తవి వెలిగించు, బాబాయ్. మొదట్నుంచి చెప్పు. నేను దాని అమ్మను, అక్కను కాను. ఊట్ అంటే ఊటే.” ఏడవకుండా ఉండటానికి కష్టపడుతోంది. “బళ్ళో ఎంతమంది ఏమడిగినా, నువ్వు నాకేమవుతావో నాకెప్పుడూ అనుమానం రాలేదు. దానికీ రాదు.”

తామ్ మంత్రసానమ్మల వైపు తిరిగి, కాలుతున్న అగరొత్తులు తీసి ఆర్పాడు. కొత్తవి తీసుకున్నాడు. అగ్గిపుల్ల ఒకటి విరిగింది, ఇంకోటి ఆరిపోయింది. నామ్ అక్క వెళ్ళి తను వెలిగించి ఇచ్చింది. దీవెన మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. ఈసారి గొంతు అంత బాగా లేదు.

“తల్లులారా, ఈ బిడ్డ తేప్. దీని అమ్మ లాయ్. దీని ఊట్, ఇదిగో, ఎత్తుకున్న మనిషి.” ఇంకొక్క మాట మిగిలింది. అది చెప్పే ముందు కొమ్మను మళ్ళీ నీళ్ళలో ముంచాడు. “చెబుతున్నది దీని తాత, తామ్.”

కొమ్మ బల్ల మీద పెట్టి, తల్లులకు దండం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా రేవు వైపు వెళ్ళిపోయాడు.

చాపలు పరిచారు. నామ్ అక్క బాతు ముక్కలు కోసి పళ్ళేల్లో పెట్టింది. అందరూ కూర్చున్నారు గానీ ఎవరూ ముట్టుకోలేదు. మా దగ్గర ఇంట్లో అందరికన్నా చిన్నవారు పెద్దలను ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలిచి తినమనాలి, అప్పుడు గానీ ముద్ద ఎత్తరు. మా ఇంట్లో ఆ పని ఊట్‌ది, అంటే నాది. నేను గెలిచానని సంబరపడలేకపోయాను. పాప నా భుజం మీద నిద్రపోయింది, సంచీలోంచి లాయ్ ఒక్కో చొక్కా తీసి మళ్ళీ అలమారలో పెడుతోంది, అంతా నేను కోరుకున్నట్టే ఉంది. కానీ ఆ తెరిచిన గుమ్మంలోంచి రేవు కనపడుతోంది. పెద్దమనిషి పడవలోకి వంగి, ఖాళీ బాతుల గంప సర్దుకుంటున్నాడు. నాలుగు మెతుకులు కూడా తినకుండా పోయేలా ఉన్నాడు. మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తాడో, వస్తాడో రాడో.

“పిలువు, చల్లారిపోతోంది” అంది నామ్ అక్క.

పాపను లాయ్‌కి అందించి గుమ్మం దాకా వెళ్ళాను. పెద్దాయనా అని పిలవబోయి ఆగాను. మావాళ్ళలో కోడలైనా అల్లుడైనా అవతలివారి తండ్రిని తన సొంత తండ్రిని పిలిచినట్టే పిలుస్తారు. ఇద్దరికీ ఒకటే మాట. ఆ మాట వాడుకొమ్మని నాకు ఎవరూ చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు. లాయ్ జాతకం లాయ్‌ది. నాకూ ఆ మనిషికీ ఏ జాతకం గొడవా లేదు.

“నాన్నా, భోజనానికి రండి.”

పడవ తాడు విప్పుతున్నవాడు తలెత్తాడు. నా వైపు చూడలేదు. ఎవరి నాన్న వచ్చాడా అని వెనక్కి తిరిగి కాలవ వైపు చూశాడు.

కాలవ మీద ఎవరూ లేరు.